గ్రీకు ‘ఒయ్ద’ అంటే ‘చూశాను’ అనా, ‘తెలుసు’ అనా?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు మళ్లీ చెబుతాను. కొత్త నిబంధన గ్రీకు నేర్చుకుంటున్న మీకు పాఠ్యపుస్తకంలో ‘ఒయ్ద’ అనే క్రియ ఎదురైంది. రూపం పర్ఫెక్టు (పని ముగిశాక నిలిచిన స్థితిని చెప్పే క్రియారూపం), అర్థం ‘నాకు తెలుసు’, ధాతువు మాత్రం ‘చూచు’ అని ఒకే పుటలో రాసి ఉండడం మిమ్మల్ని తికమక పెట్టింది. దానికి తోడు ఒక ప్రసంగంలో, ‘ఒయ్ద’ అంటే దైవసహజమైన సంపూర్ణ జ్ఞానమనీ, ‘గినోస్కో’ అంటే అనుభవం మీద వచ్చే జ్ఞానమనీ విన్నారు. ఈ రెండు మాటలూ ఎంతవరకు నిలుస్తాయన్నది మీ సందేహం.

ముందు సూటిగా చెబుతాను. ‘ఒయ్ద’ అంటే ‘నాకు తెలుసు’, అంతే. రూపం పర్ఫెక్టుదే అయినా అది వర్తమానార్థంలోనే ప్రయోగమవుతుంది. ‘చూచు’ అన్నది ఆ పదం పుట్టుక గురించిన సమాచారమే తప్ప, వాక్యంలో దాని అర్థం కాదు. కాబట్టి ‘ఒయ్ద’ కనిపించిన ప్రతి చోటా ‘చూసి తెలుసుకున్నాను’ అని వ్యాఖ్యానించడం పొరపాటు. ఇక ప్రసంగంలో విన్న భేదంలో కొంత నిజం ఉంది గాని, చెప్పిన తీరులో అతిశయోక్తి ఎక్కువ. అది చివర చెబుతాను, ఎందుకంటే రూపాలు తెలియకుండా ఆ విషయం తేలదు.

లిపి గురించి ఒక్క మాట. ప్రాచీన గ్రీకులో థ, ఫ, ఖ లకు దగ్గరగా పలికే మహాప్రాణాలు ఉండేవి. అందువల్ల ‘ఒయ్‌స్థ’ అని తెలుగులో రాస్తే, రోమన్ లిపిలో రాసినదాని కన్నా అసలు ఉచ్చారణకు దగ్గరగా ఉంటుంది. నేను ఇక్కడ రాసేవన్నీ క్రీస్తుపూర్వపు ఏథెన్సు ఉచ్చారణను అనుసరించే రూపాలు. మీ తరగతిలో వేరుగా పలికితే కంగారు పడవద్దు.

పర్ఫెక్టు రూపానికి వర్తమానార్థం ఎలా వచ్చిందన్నది తెలుగువారికి అంత వింతగా తోచనక్కరలేదు. ‘ఆయన అరుగు మీద కూర్చున్నాడు’ అంటాం. రూపం చూస్తే జరిగిపోయిన పని, అర్థం చూస్తే ఇప్పుడు కళ్లెదుట ఉన్న స్థితి. ‘నాకు అర్థమైంది’ అన్నప్పుడు కూడా అంతే, అర్థం కావడం అనే సంఘటన గడిచిపోయినా మనం చెప్పదలచినది ఇప్పటి మనస్థితినే. ప్రాచీన గ్రీకు పర్ఫెక్టు మూలస్వభావం ఇదే: ఒక పని ముగిసిన తర్వాత కర్త ఏ స్థితిలో నిలిచి ఉన్నాడో అది చెబుతుంది. ‘తెథ్నేకె’ అంటే ‘చనిపోయి ఉన్నాడు’, ‘హెస్తేక’ అంటే ‘నిలబడి ఉన్నాను’, ‘మెమ్నేమయ్’ అంటే ‘జ్ఞాపకం ఉంది’. ఆ వరుసలో ‘ఒయ్ద’ అందరికన్నా పెద్దది. గ్రీకు ఒక ప్రత్యేక భాషగా విడివడక ముందే, ‘చూసి ఉన్నాను’ అన్నది ‘తెలుసు’ అన్న అర్థంలో స్థిరపడిపోయింది.

అంత పాతదని ఎలా చెప్పగలమంటే, దాని తోబుట్టువు మన ఇంట్లోనే ఉంది. ఆలయాల్లో పురుషసూక్తంతో పాటు ‘వేదాహమేతం పురుషం మహాన్తమ్’ అని వింటూనే ఉంటాం. అక్కడ ‘వేద’ అంటే వేదగ్రంథం కాదు, ‘నాకు తెలుసు’ అనే క్రియ. ‘వేద అహమ్’ అని పదాలు విడదీసుకోవాలి. భగవద్గీత నాలుగవ అధ్యాయం ఐదవ శ్లోకంలో కృష్ణుడు అర్జునుడితో ‘తాన్యహం వేద సర్వాణి న త్వం వేత్థ పరన్తప’ అంటాడు: అవన్నీ నాకు తెలుసు, నీకు తెలియవు. ఈ అర్ధశ్లోకాన్ని గ్రీకు మొదటి పాఠంగా పెట్టుకోవచ్చని నేను నా దగ్గర చదువుకునేవారికి చెబుతూ ఉంటాను. ‘వేద’ పక్కన ‘ఒయ్ద’, ‘వేత్థ’ పక్కన ‘ఒయ్‌స్థ’ పెట్టి చూడండి. గ్రీకు రూపం మొదట్లో ఒకప్పుడు వకారం ఉండేది, తర్వాత ఏథెన్సు మాండలికంలో అది లోపించింది. ప్రాచీన గ్రీకు కవి హోమరు కావ్యాలైన ఇలియడ్, ఒడిస్సీలలో ఆ వకారం అక్షరంగా కనిపించకపోయినా, చాలా చోట్ల ఛందస్సు దాని జాడ చెబుతుంది. ఆ వకారాన్ని తిరిగి పెట్టి ‘వొయ్ద’ అని చదివితే, సంస్కృతం వచ్చినవారికి వేరే వివరణ అక్కరలేదు.

వర్తమానార్థ రూపాలు ఇవి: ఒయ్ద (నాకు తెలుసు), ఒయ్‌స్థ (నీకు తెలుసు), ఒయ్‌దె (అతనికి తెలుసు); బహువచనంలో ఇస్మెన్, ఇస్తె, ఇసాసి. ఏకవచనంలో ‘ఒయ్’ అని ఉన్న అచ్చు బహువచనంలో ‘ఇ’గా కుదించుకుపోవడం చూసి నేర్చుకునేవారు ఇది అపవాదమని, అంటే నియమానికి మినహాయింపని, కంఠస్థం చేస్తారు. సంస్కృతంలో వేద, వేత్థ, వేద అని ఏకవచనంలో గుణం (‘ఇ’ అనేది ‘ఏ’గా మారడం), విద్మ, విద, విదుః అని బహువచనంలో గుణం లేకపోవడం గుర్తు చేసుకుంటే, అది అపవాదం కాదని, చాలా పాత నియమానికి మిగిలిన సాక్ష్యమని తెలుస్తుంది. జర్మన్ భాషలో ఇప్పటికీ ‘నాకు తెలుసు’ అనడానికి ‘ఇష్ వైస్’ అని, ‘మాకు తెలుసు’ అనడానికి ‘వీర్ విస్సన్’ అని అచ్చు మారుతుంది. హోమరులో ‘ఇస్మెన్’కు బదులు ‘ఇద్మెన్’ అనే రూపం ఉంది. దాన్ని ‘విద్మ’ పక్కన ఉంచితే దకారం కూడా సరిగ్గా అతుకుతుంది. ‘ఇస్మెన్’లోని సకారం, ‘ఇస్తె’ను చూసి తర్వాత వచ్చి చేరినది.

ఇంకో విశేషం, పర్ఫెక్టు రూపాలకు సాధారణంగా మొదటి అక్షరం ద్విత్వం పొందుతుంది, అంటే రెండుసార్లు వస్తుంది: సంస్కృతంలో చకార, జగామ, దదర్శ, గ్రీకులో లెలొయ్ప, గెగొన. ‘వేద’కు ద్విత్వం లేదు, ‘ఒయ్ద’కూ లేదు. రెండు భాషలు విడివిడిగా ఒకే క్రియను ఇలా మినహాయించే అవకాశం తక్కువ. పాణిని కూడా ఈ క్రియ ప్రత్యేకతను గమనించి ‘విదో లటో వా’ అని సూత్రించాడు. ‘విద్’ ధాతువు తర్వాత వర్తమానకాలపు (లట్టు) ప్రత్యయాల స్థానంలో లిట్టు (పర్ఫెక్టు) ప్రత్యయాలు వికల్పంగా వస్తాయని దాని భావం. రూపం లిట్టుది, అర్థం లట్టుది. మీ పాఠ్యపుస్తకం చెప్పినదీ ఇదే. తేడా ఏమిటంటే, సంస్కృతంలో ‘వేత్తి’ అనే మామూలు వర్తమాన రూపం కూడా ఉంది, గ్రీకులో దానికి సరిపడే రూపం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇన్ని పోలికలు చూడగానే గ్రీకు సంస్కృతంలోంచి పుట్టిందనే నిర్ణయానికి కొందరు వచ్చేస్తారు. 1786లో కలకత్తాలో విలియం జోన్సు చేసిన ప్రసిద్ధ ఉపన్యాసంలోనే ఇవి ఒక ఉమ్మడి మూలం నుంచి వచ్చి ఉండాలని, ఆ మూలం ఇప్పుడు లేకపోయి ఉండవచ్చని ఉంది. అంటే ఇవి అక్కచెల్లెళ్లు. అలాగే మన విద్య, విద్వాంసుడు, తత్త్వవేత్త అనే మాటలు తత్సమాలు. తెలుగు సొంత క్రియలైన తెలియు, ఎరుగు అనేవి ద్రావిడ పదాలు, వాటికి ఒయ్దతో చుట్టరికం లేదు.

విద్వాంసుడి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ‘విద్వాన్’ అనేది ఈ ద్విత్వం లేని పర్ఫెక్టుకు చెందిన కృదంతమే (క్రియ నుంచి పుట్టి నామంలా, విశేషణంలా నిలిచే రూపం). దానికి సాటి అయిన గ్రీకు రూపం ‘ఎయ్దోస్’, అంటే ‘తెలిసినవాడు’. స్త్రీలింగంలో హోమరు వాడిన ‘ఇదుయ్య’ మన ‘విదుషి’కి అక్షరాలా సోదరి. సంగీత కచేరీ ఆహ్వానపత్రికల మీద విద్వాన్, విదుషి అని చూసినప్పుడల్లా నాకు ఈ జంట గుర్తుకు వస్తుంది.

మిగిలిన రూపాలను త్వరగా చెబుతాను. ‘తెలిసి ఉండేది’ అనే భూతార్థానికి ‘ఏయ్దే’ (తర్వాతి కాలంలో ‘ఏయ్దెయ్న్’), ‘తెలుస్తుంది’ అనే భవిష్యదర్థానికి ‘ఎయ్సొమయ్’, తుమున్నర్థానికి (‘తెలిసి ఉండడం’ అనే రూపానికి) ‘ఎయ్దెనయ్’, ఆజ్ఞార్థానికి ‘ఇస్థి’. ద్వివచనం కూడా ఉంది గాని కొత్త నిబంధన చదివేవారికి దానితో పని పడదు.

తడబడే చోట్లు మాత్రం నిదానంగా చూడాలి, ఎందుకంటే నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి. ‘ఇస్థి’ అనే ఒకే రూపం ‘తెలుసుకో’ అనీ కావచ్చు, ‘ఉండు’ అనీ కావచ్చు. రెండు వేర్వేరు ధాతువులు వచ్చి ఒక చోట కలిశాయి. సంస్కృతంలో ఇవి ‘విద్ధి’, ‘ఏధి’ అని వేరుగా నిలిచాయి. గీతలోని ‘తద్విద్ధి ప్రణిపాతేన’లో ఉన్న ‘విద్ధి’యే ఇక్కడి మొదటి ‘ఇస్థి’. సందర్భమే గతి. అలాగే ‘ఎయ్దొన్’ అంటే ‘చూశాను’, ‘ఎయ్దోస్’ అంటే ‘తెలిసినవాడు’. ‘ఇదెయ్న్’ అంటే ‘చూడడం’, ‘ఎయ్దెనయ్’ అంటే ‘తెలిసి ఉండడం’. అన్నీ ఒకే ధాతువు బిడ్డలే అయినా కాపురాలు వేరు. ‘ఎయ్దొన్’ అనేది ‘హొరో’ (చూస్తున్నాను) అనే క్రియకు భూతకాల రూపంగా వెళ్లి స్థిరపడింది. ‘చూసి ఉన్నాను’ అనడానికి గ్రీకులో ‘హెఒరాక’ అనే వేరే పర్ఫెక్టు ఉంది. చూపు గురించి చెప్పే పని ఆ క్రియకు అప్పగించాక, ‘ఒయ్ద’కు మిగిలింది ఎరుక ఒక్కటే. పాత నిఘంటువులు దీన్ని ‘ఎయ్దో’ అనే, వాడుకలో లేని వర్తమాన రూపం కింద నక్షత్రపు గుర్తుతో ఇవ్వడం నాకు నచ్చని పద్ధతి. విద్యార్థి మనసులో ‘చూచు’ అనే అర్థం పాతుకుపోవడానికి అదే కారణమని నా అభిప్రాయం.

నా సొంత తప్పు ఒకటి చెప్పుకుంటాను. ఇలియడ్ మొదటి సర్గలో డెబ్బైయవ పాదం జోస్యుడు కల్ఖాస్ గురించి చెబుతుంది: ఉన్నవీ, రాబోయేవీ, గడిచినవీ తెలిసినవాడు. మన మాటల్లో త్రికాలజ్ఞుడు. అక్కడ ఉన్న క్రియ ‘ఏయ్దే’. అచ్చు ప్రతిలో దాని మొదటి అక్షరం కింద చిన్న గీత ఉంటుంది. ఆ గీత లేకపోతే ‘ఏదే’ అవుతుంది, అంటే ‘అప్పటికే’. తొలి రోజుల్లో నేను ఆ గీతను చూడక, ‘అప్పటికే ఉన్నవీ రాబోయేవీ...’ అని చదివి, వాక్యంలో క్రియ ఎక్కడా దొరకక ఒక సాయంత్రమంతా వెతికాను. ఆ పాదం మీ ప్రశ్నకు కూడా మంచి సమాధానం. రాబోయేదాన్ని కల్ఖాస్ కంటితో చూసి ఉండడు కదా. హోమరు నాటికే ‘ఒయ్ద’ చూపుతో బంధం తెంచుకుందని చెప్పడానికి ఈ ఒక్క ప్రయోగం చాలు.

హోమరు దీన్ని మరో తీరులో కూడా వాడతాడు. ఒడిస్సీ తొమ్మిదవ సర్గలో ఒంటికంటి రాక్షసుడు పొలుఫేమొస్ గురించి ‘అథెమిస్తియ ఏయ్దే’ అంటాడు. మాటకు మాట పెడితే ‘అధర్మాలు తెలిసినవాడు’. అతను ధర్మశాస్త్రం తిరగేసి అధర్మాల పట్టిక నేర్చుకున్నాడని కాదు, అతని స్వభావమే అధర్మమని భావం. ఇలియడ్ చివరి సర్గలో అపొల్లో దేవుడు గ్రీకు వీరుడు అకిలీజు గురించి, సింహంలా క్రూరమైనవి ‘ఒయ్‌దెన్’ అంటాడు. మనం ‘పాపం పుణ్యం తెలియనివాడు’, ‘మంచీ చెడూ తెలిసిన మనిషి’ అన్నప్పుడు సమాచారం గురించి కాక నడత గురించి మాట్లాడుతున్నట్టే ఇదీను. అనువదించేటప్పుడు ‘ఎరిగినవాడు’ అని వదిలేస్తే తెలుగులో భావం సగమే వస్తుంది.

వాక్యనిర్మాణంలో మూడు తీరులు గుర్తుంచుకోవాలి. ‘హొతి’ అనే ‘అని’ లాంటి మాటతో వస్తే ‘ఫలానా సంగతి తెలుసు’. తుమున్నర్థకంతో వస్తే ‘ఆ పని చేయడం వచ్చు’. ఇలియడ్ ఏడవ సర్గలో ట్రాయ్ వీరుడు హెక్టరు డాలును కుడికీ ఎడమకీ తిప్పడం ‘ఒయ్ద’ అంటాడు. తెలుగులో అది ‘నాకు వచ్చు’. మత్తయి సువార్త ఏడవ అధ్యాయంలో పిల్లలకు మంచి ఈవులు ఇవ్వడం తెలిసి ఉండడం గురించిన వాక్యమూ ఈ కోవలోదే. మూడవది కృదంతంతో వచ్చే నిర్మాణం, గ్రీకు సొగసంతా ఇందులో ఉంది. చరిత్రకారుడు క్సెనొఫోన్ కొడుకు క్రీ.పూ. 362లో మంతినెయ యుద్ధంలో మరణించాడు. ఆ వార్త విన్నప్పుడు ఆ తండ్రి ‘ఏయ్దెయ్న్ థ్నేతొన్ గెగెన్నేకోస్’ అన్నాడని దియొగెనేస్ లాయెర్తియొస్ రాసిన జీవితచరిత్రలో ఉంది. ‘నేను కన్నది మర్త్యుణ్ని అని నాకు ముందే తెలుసు’ అని భావం. మూడే మాటలు. ‘అని’ అనే మాట లేదు, ‘నేను’ అనే మాట లేదు. ‘కన్నవాడనై ఎరిగి ఉంటిని’ అని గ్రాంథికంలో పెడితే కొంత దగ్గరకు వస్తుంది.

ఇప్పుడు మీరు ప్రసంగంలో విన్న భేదం దగ్గరకు వద్దాం. ‘గిగ్నోస్కో’ (కొత్త నిబంధన నాటికి ‘గినోస్కో’) మన ‘జ్ఞా’ ధాతువుకు తోబుట్టువు. దెల్ఫీ ఆలయం మీది ‘గ్నోథి సెయౌతొన్’, అంటే ‘నిన్ను నువ్వు తెలుసుకో’, అన్న మాటలో ఉన్నది అదే. ప్రాచీన ఏథెన్సు రచయితల్లో భేదం స్పష్టం: ‘గిగ్నోస్కో’ తెలుసుకునే క్రియ, గుర్తుపట్టే క్షణం; ‘ఒయ్ద’ తెలిసి ఉన్న స్థితి. తెలుగులో ‘తెలుసుకున్నాను’కూ ‘తెలుసు’కూ ఉన్నంత దూరమే. ప్లేటో రాసిన సోక్రటీసు వాదనలో, తనకు తెలియనిది తెలుసునని తాను అనుకోనని సోక్రటీసు చెప్పిన చోట రెండుసార్లూ ‘ఒయ్ద’ రూపాలే వచ్చాయి (ఒయ్ద, ఎయ్దెనయ్), ఎందుకంటే అక్కడి చర్చ నేర్చుకునే పద్ధతి గురించి కాదు, ఎరుక ఉందా లేదా అన్న స్థితి గురించి. ‘నాకు ఏమీ తెలియదన్న ఒక్కటి మాత్రమే నాకు తెలుసు’ అన్న ప్రసిద్ధ వాక్యం ఆ రూపంలో ప్లేటోలో లేదని కూడా ఈ సందర్భంలో చెప్పాలి.

కొత్త నిబంధనకు వచ్చేసరికి ఆ భేదం చాలా చోట్ల మసకబారింది. యోహాను సువార్త 21వ అధ్యాయం 17వ వచనంలో పేతురు ఒకే ఊపిరిలో ‘నీకు సమస్తం తెలుసు (ఒయ్‌దస్), నిన్ను ప్రేమిస్తున్నానని నీకు తెలుసు (గినోస్కెయ్స్)’ అంటాడు. మొదటిది దైవజ్ఞానం, రెండోది అనుభవజ్ఞానం అని విడదీస్తే, పేతురు ఆవేదన కాస్తా తర్కపాఠంగా మారిపోతుంది. మత్తయి సువార్తను చూడండి. ఏడవ అధ్యాయంలో ‘మిమ్మల్ని ఎన్నడూ ఎరుగను’ అన్న చోట ‘ఎగ్నోన్’, అంటే గినోస్కో భూతకాలం. ఇరవై ఐదవ అధ్యాయంలో పదిమంది కన్యకల కథలో ‘మిమ్మల్ని ఎరుగను’ అన్న చోట ‘ఒయ్ద’. తిరస్కారం ఒకటే, క్రియలు రెండు. దీనికి కారణం వేదాంతంలో కాదు, వ్యాకరణంలో ఉందని నా అభిప్రాయం. ‘ఎన్నడూ’ అన్నప్పుడు గడిచిన కాలాన్నంతా చుట్టే ఎయొరిస్టు అనే భూతకాలం కావాలి. ‘ఒయ్ద’కు ఎయొరిస్టు లేదు. లేని రూపం కోసం పక్కింటి క్రియను పిలవాలి, ఆ పక్కింటి క్రియ గినోస్కో. ఏ రూపం దేనికి ఉంది, దేనికి లేదు అన్నది చూసిన తర్వాతే అర్థభేదం గురించి మాట్లాడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అయితే ప్రసంగీకుడి మాట పూర్తిగా కొట్టివేయదగినది కాదు. యోహాను ఎనిమిదవ అధ్యాయం 55వ వచనంలో ‘మీరు ఆయనను తెలుసుకోలేదు, నాకు ఆయన తెలుసు’ అన్న చోట మొదట గినోస్కో, తర్వాత ఒయ్ద పక్కపక్కనే నిలిచి, తెలుసుకోవడానికీ తెలిసి ఉండడానికీ ఉన్న పాత భేదాన్ని పట్టి చూపిస్తున్నాయని చదవవచ్చు. ఆ భేదాన్ని నిఘంటువులోంచి తెచ్చి ప్రతి వచనానికీ తొడగకూడదు. రెండు క్రియలు ఎదురెదురుగా నిలిచిన చోట మాత్రమే వెతకాలి.

కొత్త నిబంధనలో మీకు ‘ఒయ్‌స్థ’, ‘ఇస్మెన్’, ‘ఇసాసి’ కన్నా ‘ఒయ్‌దస్’, ‘ఒయ్‌దమెన్’, ‘ఒయ్‌దాసిన్’ ఎక్కువగా కనిపిస్తాయి. జనం నోట పడి, ఏకవచనంలోని ‘ఒయ్’ అన్ని పురుషలకూ పాకి, రూపాలు నునుపు తేలాయి. నేర్చుకునేవారికి ఇది మేలే. యోహాను తొమ్మిదవ అధ్యాయంలో చూపు వచ్చిన గుడ్డివాడి మాటను మొదట కంఠస్థం చేయమని నేను అందరికీ చెబుతాను: ‘హెన్ ఒయ్ద, హొతి తుఫ్లొస్ ఓన్ అర్తి బ్లెపో’, ఒకటి మాత్రం నాకు తెలుసు, గుడ్డివాడినైన నేను ఇప్పుడు చూస్తున్నాను. చూపుకు ‘బ్లెపో’, ఎరుకకు ‘ఒయ్ద’. ఒకే వాక్యంలో రెండు పనులూ రెండు క్రియలు పంచుకున్నాయి.

నేటి గ్రీసులో ‘నాకు తెలుసు’ అనడానికి ‘క్సెరో’ అనే వేరే మాట వచ్చింది, మామూలు సంభాషణలో ‘ఒయ్ద’ వినిపించదు. ఒక నానుడిలో మాత్రం ఇప్పటికీ బతికి ఉంది. ఎవరికీ అంతుపట్టని సంగతి వచ్చినప్పుడు ఆధునిక ఉచ్చారణలో ‘కీరియొస్ ఈదె’ అంటారు. ‘ఈదె’ అన్నది మీ ‘ఒయ్‌దె’యే. మన పెద్దవాళ్లైతే ఆ చోట ‘ఆ పైవాడికే ఎరుక’ అంటారు.